ప్రతిధ్వనిలో రాకెట్‌ను వెదికే చిప్‌లు

శ్రీహరికోటలో లేచిన రాకెట్ ఎక్కడుంది, ఎంత వేగంతో పోతోంది, అనుకున్న దారిలోనే ఉందా అన్న ప్రశ్నలకు జవాబు రెండు వైపుల నుంచి వస్తుంది. రాకెట్ తన సంగతులు తానే టెలిమెట్రీ సంకేతాలుగా పంపుతుంటుంది. నేల మీది రాడార్లు రేడియో స్పందనలు, అంటే పల్స్‌లు, వదిలి, రాకెట్‌కు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనులను అందుకుంటాయి. యాంటెన్నాలో చేరేటప్పటికి రెండూ సన్నని విద్యుత్ అలలే. వాటిని అంకెలుగా మార్చి, సెకనుకు కోట్ల లెక్కన వచ్చిపడే ఆ అంకెలను ఎప్పటివప్పుడే గుణించి, కూడి, వడగట్టాలి. ఈ పనికి రాడార్ ఇంజినీర్లు ఎక్కువగా ఎంచుకునేది ఎఫ్‌పీజీఏ, అంటే ఫీల్డ్ ప్రోగ్రామబుల్ గేట్ అరే అనే చిప్‌ను.

మామూలు ప్రాసెసర్‌లో సర్క్యూట్ మారదు, దాని చేత పనిచేయించే ప్రోగ్రామే మారుతుంది. ఎఫ్‌పీజీఏలో సర్క్యూట్టే మారుతుంది. ఈ చిప్ నిండా చిన్న చిన్న లాజిక్ గదులు, వాటిని కలిపే తీగలు, ఏ తీగ ఎక్కడ కలవాలో నిర్ణయించే స్విచ్‌లు ఉంటాయి. ఒక్కో గదిలో ఉండేది నిజానికి ఒక బుల్లి పట్టిక. నాలుగు ఇన్‌పుట్‌ల గది అయితే 16 బిట్ల జ్ఞాపకం చాలు. ఆ 16 బిట్లలో ఏం రాస్తే ఆ గది అలాంటి గేటుగా నడుచుకుంటుంది. చాలా రకాల్లో ఈ రాతంతా కరెంటు పోతే చెరిగిపోతుంది. మళ్లీ పవర్ ఇవ్వగానే పక్కనున్న ఫ్లాష్ మెమరీ నుంచి చదువుకుని, చిప్ సెకను లోపే తన రూపం తెచ్చుకుంటుంది. జైలింక్స్ కంపెనీ 1985లో తెచ్చిన ఎక్స్‌సీ2064 ఈ జాతిలో మార్కెట్‌కు వచ్చిన మొదటి చిప్. అందులో ఉన్నవి 64 లాజిక్ బ్లాకులే. అప్పట్లో బోర్డు మీది చిల్లర గేట్లన్నిటినీ ఒక్కచోట చేర్చే సరుకుగానే దాన్ని చూశారు. సిగ్నల్ ప్రాసెసింగ్‌కు దారి తెరుచుకున్నది 2000 తర్వాత, చిప్ లోపల గుణకార యంత్రాలను విడిగా పొదగడం మొదలయ్యాక. గేట్లతో గుణకారం కట్టాలంటే వందల గదులు ఖర్చవుతాయి. సిద్ధంగా పొదిగిన గుణకారిణి అయితే చాలా కొద్ది చోటులోనే ఆ పని చేస్తుంది.

శ్రీహరికోటలో వేగానికి అంత విలువ ఎందుకో 2010 డిసెంబర్ 25న అందరూ చూశారు. ఆ రోజు జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్06 లేచిన నిమిషం లోపే అదుపు తప్పింది. భద్రతాధికారులు నేల మీది నుంచి ఆదేశం పంపి దాన్ని గాలిలోనే పేల్చివేశారు. శకలాలు బంగాళాఖాతంలో పడ్డాయి. అలాంటి నిర్ణయానికి చేతిలో ఉండే సమయం సెకన్లలోనే. రాడార్ కొలత ఆలస్యంగా అందితే, రాకెట్ ఇప్పుడెక్కడుందో కాక కాసేపటి కిందట ఎక్కడుందో మాత్రమే తెలుస్తుంది. భద్రత గురించిన ఈ ఆలోచన మొదటి నుంచీ ఉన్నదే. 1971 అక్టోబర్ 9న రోహిణి-125 సౌండింగ్ రాకెట్‌తో శ్రీహరికోట దీవిలో ప్రయోగాలు మొదలయ్యాయి. ఒకవైపు పులికాట్ సరస్సు, మరోవైపు సముద్రం ఉన్న ఈ చోటును ఎంచుకోవడానికి, దారి తప్పిన రాకెట్ జనం మీద పడకూడదన్న జాగ్రత్త కూడా ఒక కారణం.

ఇప్పుడు శ్రీహరికోటలో పెద్దదిగా చెప్పుకునేది మోటార్, అంటే మల్టీ ఆబ్జెక్ట్ ట్రాకింగ్ రాడార్. పళ్లెంలాంటి యాంటెన్నా గిర్రున తిరిగే రకం కాదిది. పెద్ద పలక మీద 4,608 చిన్న యాంటెన్నాలను వరుసలుగా పరిచిన ఫేజ్డ్ అరే రాడార్. యాంటెన్నాల సంకేతాల దశలను కొద్దికొద్దిగా మారిస్తే, పలక కదలకుండానే రేడియో పుంజం ఒక దిక్కు నుంచి మరో దిక్కుకు దూకుతుంది. అందువల్ల ఒకేసారి పది వస్తువుల జాడ పట్టుకోగలదు. అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న వస్తువు వెయ్యి కిలోమీటర్ల దూరాన ఉన్నా దానికి కనిపిస్తుంది. రాకెట్లనే కాక, కక్ష్యలో తిరిగే పాత ఉపగ్రహాల ముక్కలను గమనించడానికీ ఇది పనికొస్తోంది.

వెయ్యి కిలోమీటర్ల దూరం పోయి రావడానికి రేడియో తరంగానికి పట్టేది ఒక సెకనులో దాదాపు 150వ వంతు. సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోయే వస్తువు ఈలోగా 50 మీటర్లు జరిగిపోతుంది. తిరిగొచ్చే ప్రతిధ్వని మరీ బలహీనం. దూరం రెట్టింపయితే ప్రతిధ్వని బలం పదహారో వంతుకు పడిపోతుంది. రిసీవర్ సొంత విద్యుత్ గోలలో అది మునిగిపోయి ఉంటుంది. దాన్ని బయటికి లాగడమే సిగ్నల్ ప్రాసెసింగ్ పని.

ఆ పని ఎలా జరుగుతుందో చూడటానికి శ్రీహరికోట కంటే గాదంకి వీలైన చోటు. తిరుపతికి దగ్గరలోని ఈ ఊళ్లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఎంఎస్‌టీ రాడార్ ఉంది. 1990ల మొదట్లో పనిలోకి దిగిన ఈ రాడార్ 53 మెగాహెర్ట్జ్‌ల దగ్గర నడుస్తుంది. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న మైదానంలో 1,024 యాగీ యాంటెన్నాలు నిలబడి ఉంటాయి. ఇది వెదికేది రాకెట్లను కాదు, నెత్తిమీది గాలిని. గాలిలోని సుడుల నుంచి చెదిరి తిరిగొచ్చే అతి సన్నని ప్రతిధ్వనితో కిలోమీటర్ల ఎత్తున గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో కొలుస్తుంది. మొదట్లో 32 పెద్ద ట్రాన్స్‌మిటర్లు ఈ యాంటెన్నాలన్నిటికీ శక్తినిచ్చేవి. తర్వాతి ఆధునికీకరణలో యాంటెన్నాకొకటి చొప్పున 1,024 ఘనస్థితి మాడ్యూళ్లు వచ్చాయి.

ఇలాంటి రాడార్‌లో ఒక డిజిటల్ రిసీవర్ చానల్ పనిని దగ్గరగా చూస్తే లెక్క ఇలా ఉంటుంది. యాంటెన్నా నుంచి వచ్చిన సంకేతాన్ని పెంచి, సెకనుకు 8 కోట్ల సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 14 బిట్ల అంకెగా రాస్తారనుకుందాం. ఒక్క చానల్‌కే సెకనుకు 14 కోట్ల బైట్లు తయారవుతాయి. 53 మెగాహెర్ట్జ్‌ల సంకేతాన్ని 80 మెగాహెర్ట్జ్‌ల వేగంతో కొలిస్తే అది 27 మెగాహెర్ట్జ్‌ల దగ్గర ఉన్నట్టు కనిపిస్తుంది. పాఠ్యపుస్తకాలు ఇలా పౌనఃపున్యం మడతపడటాన్ని తప్పు అని చెప్పి భయపెడతాయి గానీ, రాడార్ ఇంజినీర్ దాన్ని కావాలనే వాడుకుంటాడు. ముందొక అనలాగ్ ఫిల్టర్ పెట్టి మిగతా సంకేతాలను రానివ్వకపోతే చాలు, పౌనఃపున్యాన్ని కిందికి దించే ఒక మెట్టు ఉచితంగా పూర్తవుతుంది.

ఆ తర్వాతి పనంతా చిప్ లోపలే. 27 మెగాహెర్ట్జ్‌ల సైన్, కొసైన్ అలలను చిప్ స్వయంగా తయారుచేసుకుని, వచ్చిన ప్రతి అంకెనూ ఆ రెండింటితో గుణిస్తుంది. దీంతో సంకేతం సున్నా పౌనఃపున్యం దగ్గరికి దిగి, రెండు పాయలుగా చీలుతుంది. రాడార్ వాళ్లు వాటిని ఐ, క్యూ అంటారు. రెండూ ఉంటేనే గాలి రాడార్ వైపు వస్తోందా, దూరంగా పోతోందా తెలుస్తుంది. సైన్ విలువలను మెమరీలో పట్టికగా దాచుకోవచ్చు. లేదా జాక్ వోల్డర్ 1959లో ప్రచురించిన కార్డిక్ పద్ధతిలో, గుణకారమే లేకుండా బిట్లను జరపడం, కూడటంతోనే రాబట్టవచ్చు. బాంబర్ విమానంలో దారి లెక్కకట్టే యంత్రం కోసం పుట్టిన ఈ పద్ధతి గేట్లతో కట్టే సర్క్యూట్‌కు అచ్చంగా సరిపోయింది.

గాలి ప్రతిధ్వని మొత్తం ఒక మెగాహెర్ట్జ్ వెడల్పులో ఇమిడిపోతుంది కనుక సెకనుకు 8 కోట్ల అంకెలు ఉంచుకోవడం దండగ. పది లక్షలు చాలు. అయితే ఎనభైకి ఒకటి ఉంచి మిగతావి పారేస్తే, పక్క పౌనఃపున్యాల గోల కూడా మడతపడి లోపలికొస్తుంది. అందుకే ముందు వడగట్టాలి, తర్వాత పారేయాలి. మొదటి వడపోతకు యూజీన్ హోగెనౌర్ 1981లో వివరించిన సీఐసీ ఫిల్టర్‌ను వాడతారు. అందులో ఉన్నవి కూడికలు, తీసివేతలే. మిగిలిన పదునును ఎఫ్‌ఐఆర్ ఫిల్టర్ తెస్తుంది.

ఎఫ్‌పీజీఏ బలమంతా ఈ ఎఫ్‌ఐఆర్ ఫిల్టర్‌లో తెలిసిపోతుంది. 64 ట్యాప్‌ల ఫిల్టర్ అంటే, తాజాగా వచ్చిన 64 అంకెలలో ప్రతిదాన్నీ దానికి నిర్ణయించిన గుణకంతో గుణించి, అన్నిటినీ కూడితే ఒక్క జవాబు. కొత్త అంకె రాగానే పాతది ఒకటి జారిపోతుంది, మళ్లీ 64 గుణకారాలు. ముందు సీఐసీతో తగ్గించకుండా, సెకనుకు 8 కోట్ల అంకెలనూ నేరుగా దీనికే ఇస్తే గుణకారాలు 512 కోట్లు. ఐ, క్యూ పాయలు రెండు కాబట్టి వెయ్యి కోట్లకు పైమాటే. ఒక్క గుణకార యంత్రమున్న ప్రాసెసర్ వీటిని ఒకదాని తర్వాత ఒకటిగా చేయాలి. ఎఫ్‌పీజీఏలో 64 గుణకారిణులను పక్కపక్కన పెట్టేస్తారు. నెల్లూరు మాగాణిలో నాట్లు వేసే కూలీలు వరుసగా నిలబడి, అందరూ ఒక్కసారే వంగి తలా ఒక మొక్క నాటి, ఒక్కసారే అడుగు వెనక్కి వేసినట్టు, గడియారపు ప్రతి తడవకూ 64 గుణకారాలు ఒకేసారి జరుగుతాయి. చిప్ గడియారం మామూలు కంప్యూటర్ ప్రాసెసర్ గడియారం కంటే చాలా నెమ్మది. సాధారణంగా సెకనుకు 20 నుంచి 50 కోట్ల తడవలు. అయినా పని త్వరగా తెమలడానికి కారణం ఈ వరుసే.

మంచి డిజైనర్ అక్కడితో ఆగడు. ఈ ఫిల్టర్ల గుణకాలు అద్దంలో చూసినట్టు ఉంటాయి. మొదటిదీ చివరిదీ ఒకటే, రెండోదీ చివరినుంచి రెండోదీ ఒకటే. కనుక జత అంకెలను ముందే కూడి, తర్వాత ఒక్కసారి గుణిస్తే 64 గుణకారిణులకు బదులు 32 సరిపోతాయి. ఇప్పటి చిప్‌లలో గుణకారిణి ముందు ఒక కూడిక యంత్రం పెట్టింది ఇందుకోసమే. ఇంకొంచెం పొదుపు కూడా చేయవచ్చు. అంకెలు సెకనుకు 8 కోట్లు వస్తుంటే చిప్ 24 కోట్ల తడవలు తిరగగలిగితే, ఒక్కో గుణకారిణి చేత మూడు పనులు చేయించవచ్చు. అప్పుడు 11 చాలు. చోటు ఎక్కువ తిని పని తేలిక చేసుకోవడమా, గడియారం వేగం పెంచి చోటు మిగుల్చుకోవడమా అన్న బేరం ఎఫ్‌పీజీఏ డిజైనర్‌కు రోజూ ఉండేదే. ప్రాసెసర్ మీద ప్రోగ్రామ్ రాసేవాడికి ఈ బేరం దొరకదు.

దొరకనిది ఇంకొకటి, అంకె వెడల్పును ఎంచుకునే స్వేచ్ఛ. ప్రాసెసర్‌లో అంకె 32 బిట్లో 64 బిట్లో అని ముందే తీర్మానమై ఉంటుంది. ఎఫ్‌పీజీఏలో 14 బిట్లు కావాలంటే 14, 19 కావాలంటే 19. 16 బిట్ల అంకెలు రెంటిని గుణిస్తే 32 బిట్ల జవాబు వస్తుంది. అలాంటివి 64 కూడితే ఇంకో ఆరు బిట్లు పెరిగి 38 అవుతుంది. ఎక్కడ కత్తిరించాలో ప్రతి మెట్టు దగ్గరా నిర్ణయించుకోవాలి. ఎక్కువ కత్తిరిస్తే సన్నని ప్రతిధ్వనితో పాటే అసలు సమాచారం పోతుంది. కత్తిరించకపోతే చిప్ నిండిపోతుంది. కొత్తగా పని నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. బొమ్మల్లో ఫిల్టర్ చక్కగా ఉంటుంది, రాడార్‌లో పెట్టాక పెద్ద ప్రతిధ్వని రాగానే అంకె పొంగి గుర్తు తారుమారవుతుంది.

వడగట్టిన అంకెలు తర్వాత డీకోడింగ్‌కు పోతాయి. రాడార్ స్పందన పొడుగ్గా ఉంటే శక్తి ఎక్కువ, కానీ దూరం కొలత మొద్దుబారుతుంది. 100 మైక్రోసెకన్ల స్పందన గాలిలో పరుచుకున్న పొడవు 30 కిలోమీటర్లు. అందులో ప్రతిధ్వని ఎక్కడిదో 15 కిలోమీటర్ల తేడాతో తప్ప చెప్పలేం. పొడుగు స్పందన మీద ఒక సంకేత క్రమాన్ని అచ్చువేసి పంపి, వచ్చిన ప్రతిధ్వనిలో అదే క్రమాన్ని వెదికితే ఆ తేడా 150 మీటర్లకు తగ్గుతుంది. గాదంకిలో వాడే పూరక సంకేతాలు ప్లస్ ఒకటి, మైనస్ ఒకటితో అల్లినవి. వాటిని వెదకడానికి గుణకారం అక్కర్లేదు, కూడటమో తీసివేయడమో చాలు. లాజిక్ గదులతోనే పని అయిపోతుంది. శ్రీహరికోట తరహా రాడార్‌లో ఇంకో చిక్కుంది. సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో నేరుగా ఎదురొచ్చే వస్తువు, ఆ రాడార్ వాడే ఎల్-బ్యాండ్ తరంగాల ప్రతిధ్వనిని దాదాపు 67 వేల హెర్ట్జ్‌లు పైకి జరుపుతుంది. అంత జరిగిన ప్రతిధ్వనిలో అసలు క్రమం గుర్తుపట్టలేనంతగా చెదిరిపోవచ్చు. అందుకే వస్తువు వేగాన్ని ముందే అంచనా కట్టి, వెదికే క్రమాన్ని ఆ మేరకు తిప్పి చూడాలి.

గాదంకి చిక్కు సరిగ్గా దీనికి తలకిందులు. తరంగదైర్ఘ్యం 5.66 మీటర్లు కాబట్టి సెకనుకు 10 మీటర్ల గాలి వల్ల వచ్చే తేడా మూడున్నర హెర్ట్జ్‌లే. అంత నెమ్మదిగా మారే సంకేతం కాబట్టి వరుస స్పందనల ప్రతిధ్వనులను నేరుగా కూడుకుంటూ పోవచ్చు. 64 కూడితే సంకేతం 64 రెట్లు పెరుగుతుంది, గోల మాత్రం ఎనిమిది రెట్లే పెరుగుతుంది. ఎత్తుల వారీగా వందల గదుల మెమరీ, ఒక కూడిక యంత్రం ఉంటే ఈ పని ఎఫ్‌పీజీఏకు ఆటలాంటిది. ఆ తర్వాత ఎఫ్‌ఎఫ్‌టీ, అంటే ఫాస్ట్ ఫూరియర్ ట్రాన్స్‌ఫామ్. 1,024 అంకెల నుంచి పౌనఃపున్యాల పట్టీ తీయాలంటే నేరు దారిలో పది లక్షలకు పైగా గుణకారాలు చేయాలి. కూలీ, టూకీ అనే గణితజ్ఞులు 1965లో ప్రచురించిన దారిలో 5,120 సరిపోతాయి. ఆ దశకు చేరేసరికి అంకెల ప్రవాహం సన్నబడి ఉంటుంది. కనుక గాదంకి లాంటి చోట్ల ఎఫ్‌ఎఫ్‌టీని కంప్యూటర్‌కు వదిలేసినా నష్టం లేదు. ప్రవాహం ఉధృతంగా ఉన్న ముందు భాగంలోనే ఎఫ్‌పీజీఏ తప్పనిసరి.

అనలాగ్ సర్క్యూట్ల కాలంలో ఐ, క్యూ పాయలను రెండు వేరువేరు మిక్సర్లు, ఫిల్టర్లు తయారుచేసేవి. రెంటి మధ్య పిసరంత తేడా ఉన్నా తెరమీద లేని గాలి, లేని వస్తువు నీడలా కనిపించేది. పగటి ఎండకు ఒకలా, రాత్రి చల్లదనానికి ఒకలా ఆ తేడా మారుతుండేది. తీరప్రాంతపు ఉప్పుగాలి, తేమ దానికి తోడు. తరచుగా సరిదిద్దుకోవాల్సి వచ్చేది. అంకెల్లోకి మారాక చేసే గుణకారానికి ఎండా లేదు, తేమా లేదు. రెండు పాయలూ చివరి బిట్ వరకూ ఒకే కొలత. శ్రీహరికోట లాంటి చోట డిజిటల్ రిసీవర్ వేగం కంటే ఈ నిలకడే పెద్ద లాభం.

శ్రీహరికోటలోని డాప్లర్ వాతావరణ రాడార్‌కు ఇదే గణితం మరో రూపంలో కావాలి. తుపాను మేఘాల్లోని వాన చుక్కల వేగాన్ని కొలిచేటప్పుడు నేల, కట్టడాల నుంచి వచ్చే కదలని ప్రతిధ్వనులను తీసేయాలి. పులికాట్ మీద ఎగిరే పక్షుల గుంపులు కూడా రాడార్లకు కనిపించేవే. కదలని వాటిని వడగట్టడం తేలిక. పక్షులు కదులుతాయి, అదే తంటా.

టెలిమెట్రీ వైపు పని వేరు. అక్కడ వెదకాల్సింది దూరాన్ని కాదు, బిట్లను. రాకెట్ వేగం పెరిగే కొద్దీ జారిపోయే పౌనఃపున్యాన్ని వెంటాడటం, బిట్ ఎక్కడ మొదలైందో పట్టుకోవడం, దారిలో చెడిన బిట్లను ఆండ్రూ విటర్బి 1967లో చెప్పిన పద్ధతిలో దిద్దడం. ఈ మూడూ ఎఫ్‌పీజీఏలో పక్కపక్కనే నడుస్తాయి. ఒక ప్రయోగానికీ మరో ప్రయోగానికీ డేటా వేగమో, సంకేత పద్ధతో మారితే బోర్డు మార్చనక్కర్లేదు, కొత్త రూపాన్ని ఎక్కిస్తే చాలు.

ఇంత లాభం ఊరికే రాదు. ఎఫ్‌పీజీఏను వీహెచ్‌డీఎల్, వెరిలాగ్ భాషల్లో వర్ణిస్తారు. చూడటానికి ప్రోగ్రామ్‌లా ఉంటుంది, కానీ ప్రతి వాక్యమూ ఒక సర్క్యూట్ ముక్క. రాసినవన్నీ ఒకేసారి నడుస్తుంటాయి. ఆ వర్ణనను చిప్‌లో ఎక్కడెక్కడ కూర్చోబెట్టాలో సాఫ్ట్‌వేర్ తేల్చడానికి పెద్ద డిజైన్‌కు గంటలు పడుతుంది. తీరా చూస్తే ఏదో ఒక మూల తీగ పొడవెక్కువై, సంకేతం నాలుగు నానోసెకన్లలో చేరాల్సింది నాలుగుంపావు పట్టిందని తిప్పికొడుతుంది. మధ్యలో ఒక రిజిస్టర్ పెట్టి పనిని రెండు తడవలకు విరవాలి. అలా విరిస్తే దానికి సమాంతరంగా నడిచే పాయల్లో కూడా అంతే ఆలస్యం పెట్టాలి. మరిచిపోతే ఐ ఒక అంకె ముందు, క్యూ ఒక అంకె వెనక నడుస్తాయి. సాఫ్ట్‌వేర్‌లో ఒక పూటలో తేలే మార్పు ఇక్కడ వారం తినేస్తుంది.

అంత కష్టపడేకంటే అదే సర్క్యూట్‌తో సొంత చిప్ పోయించుకోవచ్చు కదా అంటే, లక్షల ఫోన్లలో వెళ్లే చిప్‌కు ఆ ఖర్చు గిట్టుతుంది. మోటార్ లాంటి రాడార్‌ను కట్టేది ఒక్కటే. ఒక్క రాడార్ కోసం ఫ్యాక్టరీలో అచ్చులు చేయించడం డబ్బు దండగ. పైగా తప్పు దొర్లితే దిద్దే వీలుండదు. గ్రాఫిక్స్ ప్రాసెసర్లు గుణకారాల్లో ఎఫ్‌పీజీఏకు దీటుగా వస్తున్నాయి, ప్రోగ్రామ్ రాయడమూ తేలిక. కానీ వాటికి డేటా మూటలుగా చేరాలి. అంకె వచ్చిన తర్వాత సరిగ్గా ఇన్ని తడవలకు జవాబు వస్తుందన్న హామీ వాటి నుంచి దొరకదు. యాంటెన్నా పక్కన ఎఫ్‌పీజీఏ, వెనక గదిలో గ్రాఫిక్స్ ప్రాసెసర్ అన్న పొత్తు ఇప్పటి కొత్త రాడార్లకు, రేడియో టెలిస్కోపులకు సరైన దారి.

ఈ చిప్‌లు నేల మీద ఉన్నంతకాలం చాలావరకు నిక్షేపంగా ఉంటాయి. అంతరిక్షంలోకి పోతే కాస్మిక్ కణాలు తగిలి పట్టికలోని ఒక బిట్ తిరగబడవచ్చు, దాంతో సర్క్యూట్టే మారిపోతుంది. అందుకే ఉపగ్రహాల్లో ఒకే లెక్కను మూడు చోట్ల చేయించి రెండు ఓట్లు పడినదాన్ని తీసుకోవడం, చిప్ రాతను మధ్యమధ్య తిరగరాయడం లాంటి జాగ్రత్తలు పాటిస్తారు. 2004లో అంగారకుడి మీద దిగిన స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్లు రేడియేషన్‌కు తట్టుకునే జైలింక్స్ చిప్‌లతోనే తమ చక్రాల మోటార్లను నడుపుకున్నాయి.

ఆ జైలింక్స్‌ను 2022లో ఏఎండీ కొనుక్కుంది. దానికి హైదరాబాద్‌లో పెద్ద డిజైన్ కేంద్రం ఉంది. ఈ విద్య నేర్వాలనుకునే తెలుగు విద్యార్థులకు సరుకు, పని రెండూ దగ్గరలోనే ఉన్నాయి. కాలేజీ ల్యాబ్‌లలో ఎఫ్‌పీజీఏ బోర్డు మీద ఎల్‌ఈడీలు వెలిగించి, ఆర్పి, రికార్డు రాసి వదిలేయడం మామూలైపోయింది. ఆ బోర్డు మీదే 16 ట్యాప్‌ల ఫిల్టర్ ఒకటి కట్టి, ఏ బిట్ ఎక్కడ కత్తిరించారో, ఎందుకు కత్తిరించారో చెప్పగలిగే దాకా పని చేయిస్తే, రాడార్ రిసీవర్ ముందు కూర్చోవడానికి కావలసిన చదువులో సగం అక్కడే పూర్తవుతుంది.